గానుగ కొట్టుకు 300 ఇళ్లు: పన్నెండు వారాల ప్రాజెక్టు డైరీ

పని ఇది. తిరుపతి ఎం.ఆర్.పల్లి వైపు 30 అడుగుల రోడ్డు మీద ఒక చెక్క గానుగ కొట్టు ఉంది. దానికి ఏ ప్రచారం పనికొస్తుందో, ఏది డబ్బు తినేసి పోతుందో తేల్చాలి. ఒక గానుగ, ఒక మనిషి, సాయంత్రాలు చేతిసాయానికి ఇంకొకరు. చెనక్కాయ (వేరుశనగ) నూనె ముఖ్యం, నువ్వుల నూనె శనివారాలు మాత్రమే. ప్రచారానికి మూడు నెలలకు కలిపి 12,000 రూపాయలు. ఫిబ్రవరిలో మొదలుపెట్టాం.

మొదటి వారం: గానుగ లెక్క

ప్రచారం మాట ఎత్తకముందు గానుగ దగ్గర కూర్చుని రాసుకున్న లెక్క. వాయికి, అంటే గానుగలో ఒక్కసారి పోసి ఆడేదానికి, 14 కిలోల గింజలు పడతాయి. నూనె 6 లీటర్లకు కాస్త అటూఇటూ వస్తుంది, చెక్క, అంటే నూనె పిండాక మిగిలే పిప్పి, 8 కిలోల దాకా దిగుతుంది. గింజలు పోసిన దగ్గర్నుంచి రోలు గీకి చెక్క తీసేదాకా గంట పడుతుంది. తుడవడం, వడకట్టడం, బాటిళ్లు నింపడం, మధ్యలో కరెంటు పోవడం కలుపుకుంటే రోజుకు ఐదు వాయిలకు మించి ఆడలేరు. అంటే 30 లీటర్లు. నెలకు 25 పనిదినాలు పట్టుకుంటే 750 లీటర్లు.

నలుగురున్న ఇల్లు నెలకు రెండున్నర లీటర్లు తీసుకుంటుందనుకుందాం. 750 లీటర్లు చెల్లిపోవడానికి 300 ఇళ్లు చాలు. 301వ ఇల్లు వచ్చినా పోయడానికి నూనె ఉండదు. ఈ అంకె తెలియక ముందు వేసుకున్న ఆలోచనలన్నీ ఊరంతటికీ తెలియాలనే వైపు పోయాయి. తెలిశాక సగం వాటంతట అవే రాలిపోయాయి. ఇప్పుడు ఆడుతున్నది రోజుకు ఒక్క వాయి.

లీటరుకు మిగిలేదెంత? ఆ రోజు ధరల్లో గింజలు కిలో 125, వాయికి 1,750 రూపాయలు. చెక్క కిలో 40 చొప్పున 320 తిరిగొస్తుంది. మిగతా 1,430ని ఆరు లీటర్లకు పంచితే 238. బాటిలు, మూత, లేబులు 14. కూలి, కరెంటు, బాడుగ 43. మొత్తం 295. అమ్మేది 340కి. మిగులు 45.

ఒక ఇల్లు ఏడాదంతా నిలిస్తే 30 లీటర్లు, 1,350 రూపాయల మిగులు. దాంట్లో నాలుగో వంతు, 340 దాకా, ఆ ఇంటిని తెచ్చుకోవడానికి పెట్టొచ్చు అనిపిస్తుంది. కానీ చుట్టూ బాడుగ ఇళ్లు ఎక్కువ, ఏడాది నిండకముందే మారిపోయేవాళ్లుంటారు. గింజల ధర పెరిగితే ఆ 45 కూడా నిలవదు. అందుకని గీత 150 దగ్గర గీశాం. రెండోసారి కొన్న ఒక్కో ఇంటికి 150 రూపాయలకు మించి ఖర్చయ్యే పద్ధతిని ఆపెయ్యాలి. మొదటిసారి కొన్నవాళ్లను ఈ లెక్కలో కలపం. కొత్తదని ఒక బాటిలు పట్టుకుపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మళ్లీ ఖాళీ బాటిలు గుర్తుపెట్టుకుని వచ్చిన ఇల్లే మన ఇల్లు.

రెండో వారం: పుస్తకం, బొట్టుబిళ్లలు

200 పేజీల పొడుగు నోటుబుక్కు కొన్నాం. ఆరు గళ్లు: తేదీ, వీధి, ఫోను నంబరు చివరి నాలుగంకెలు, ఎన్ని లీటర్లు, ఎట్ల తెలిసింది, మళ్లీ వచ్చిన తేదీ. పూర్తి నంబరు అడిగితే చాలామంది వెనకాడతారు. నాలుగంకెలు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, ఇంటిని గుర్తుపట్టడానికి అవి చాలు.

"ఎట్ల తెలిసింది" అన్న గడి నింపడంలో ఒక మెలకువ ఉంది. "మా కొట్టు మీకు ఎట్ల తెలిసిందక్కా?" అని అడిగి ఊరుకోవాలి. "గూగుల్లో చూసినారా?" అని అందిస్తే, చిల్లర కోసం చూస్తున్న మనిషి "ఆ" అనేసి పోతుంది, లెక్క చెడిపోతుంది. మొదటి రెండు రోజుల రాతలు ఇలాగే చెడిపోయాయి, వాటిని కొట్టేశాం.

పన్నెండు రోజుల్లో 64 మంది కొన్నారు. బంధువులో పక్కింటివాళ్లో చెబితే వచ్చినవాళ్లు 29 మంది. దారిన పోతూ వాసనకో బోర్డుకో ఆగినవాళ్లు 18. ఫోనులో మ్యాపు చూసి వచ్చినవాళ్లు 6. మిగతా 11 మంది ఏదీ తేల్చి చెప్పలేదు.

చుట్టుపక్కల వీధుల పటం ఒకటి పెద్ద కాగితం మీద గీసి గోడకు అంటించాం. మొదటిసారి కొన్న ఇంటికి ఎర్ర బొట్టుబిళ్ల, రెండోసారి వస్తే దాని మీద ఆకుపచ్చది. ఈ పని కంప్యూటర్లో చెయ్యొచ్చు, కానీ గోడ మీదుంటే కొట్టులో మనిషికి రోజూ కనబడుతుంది. బిళ్లలు ఎక్కువగా రెండు కిలోమీటర్ల లోపే పడ్డాయి. బస్టాండు వైపు, అలిపిరి వైపు దాదాపు ఖాళీ.

మూడో వారం: వద్దనుకున్నవి

అలిపిరి రోడ్డులో హోర్డింగు. బాడుగ ఒక్కటే ఎక్కువని కాదు, కార్పొరేషన్ అనుమతి ఒక్కటే చిక్కని కాదు. ఆ దారిన పోయేవాళ్లు కొండకు పోతున్నారు, దిగి రైలెక్కుతారు. బట్టల సంచిలో లీటరు నూనె పెట్టుకుని ఊరికి పోయేవాళ్లు అరుదు. ఒకరు కొన్నా వచ్చే నెల మళ్లీ రారు. ఇదే జాగాలో శ్రీకాళహస్తి కలంకారి గుడ్డలు అమ్మే కొట్టుంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఒక్కసారి కొంటారు, మిగులు ఎక్కువ, మడిచి పెట్టుకుపోవచ్చు, ఇంటికెళ్లి నలుగురికి చూపిస్తారు. అలాంటి సరుక్కి యాత్రికుల దారే సరైన చోటు. నెలనెలా కొనే సరుక్కి కాదు. తిరుపతిలో కొత్తగా కొట్టు పెట్టే ప్రతి ఒక్కరూ ముందు తేల్చుకోవలసింది ఇదే: సరుకు ఊరికి వచ్చిపోయే జనానికా, ఊళ్లో కాపురం ఉన్న జనానికా? రెండింటికీ ఒకే బోర్డు, ఒకే మాట, ఒకే వేళ పనికిరావు.

"డబ్బా మీరే తెచ్చుకుంటే లీటరుకు పది రూపాయలు తగ్గింపు". వినడానికి బాగుంది, బాటిలు ఖర్చు కూడా మిగులుతుంది. కానీ వంటనూనె విడిగా పోసి అమ్మడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం కుదరదు, రాష్ట్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప. సీలు వేసి, లేబులు అంటించి అమ్మాలి. లేబులు మీద ఆహార భద్రత సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, ఆడిన తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చో, ధర, పరిమాణం ఉండాలి. లీటరు అని రాసినచోట గ్రాముల్లో బరువు కూడా రాయాలి, చెనక్కాయ నూనె లీటరు 910 గ్రాములు తూగుతుంది. ఇంటివాళ్లు తమ గింజలు తెచ్చి కూలికి ఆడించుకోవడం వేరే సంగతి.

"షుగరు తగ్గుతుంది, గుండెకు మంచిది, కొలెస్ట్రాల్ లేదు" అన్న కరపత్రం ముసాయిదా. మొత్తం కొట్టేశాం. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, అది ఈ నూనె గొప్ప కాదు. జబ్బు తగ్గుతుందని ఆహారం మీద రాయడం ఆహార ప్రకటనల మీదున్న 2018 నిబంధనలకు విరుద్ధం. అంతకన్నా ముఖ్యం, ఆ మాట నమ్మి ఎవరైనా మందు మానేస్తే ఆ పాపం ఎవరిది? దాని బదులు బాటిలు మెడలో వేలాడే చిన్న అట్టముక్క మీద ఆడిన తేదీ, వాయి నంబరు పెన్నుతో రాసి కట్టాం. అచ్చు వేసిన తేదీకంటే చేత్తో రాసిన తేదీని జనం ఆగి చదువుతున్నారు.

నాలుగో వారం: బోర్డు, వేళ

18 మంది వాసనకూ బోర్డుకూ వచ్చారు కదా, ముందు దాన్నే సరిచేశాం. పాత బోర్డు మీద పదకొండు సరుకుల పేర్లు, రెండు దేవుడి బొమ్మలు, మూడు ఫోను నంబర్లు. బండి మీద పోయేవాడికి ఏదీ కనబడదు. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం నుంచి సుఖంగా చదవొచ్చన్నది బోర్డులు రాసేవాళ్ల లెక్క. బండి అరవై అడుగుల దూరంలో ఉండగానే కనబడితేనే మనిషి ఆగుతాడు, కాబట్టి ఆరంగుళాల అక్షరం. తెలుగులో వత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య జాగా ఇంకా వదలాలి. "క్క" వత్తు కింది వరుసలో దూరితే రెండు మాటలూ పోతాయి. 10 అడుగులు, 3 అడుగుల రేకు, పసుపు మీద నలుపు, రెండే వరుసలు: "చెక్క గానుగ నూనె", కింద "సాయంత్రం 5 నుంచి 7 మీ కళ్లెదుటే". ఖర్చు 3,000.

రెండో వరుస ఉత్తినే రాసింది కాదు. గానుగ లోపలి గదిలో ఉండేది, మధ్యాహ్నం ఆడేవాళ్లు. మధ్యాహ్నం రెండు గంటలకు రోడ్డు మీద ఎవరుంటారు? గానుగను ముందు గదికి జరిపి, వాయిని సాయంత్రానికి మార్చాం. ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్లు, ట్యూషన్ల నుంచి పిల్లల్ని తెచ్చేవాళ్లు ఆ వేళకే పోతారు. శనివారం నువ్వులు ఆడేటప్పుడు తాటిబెల్లం వేశాక లేచే వాసన వీధి మలుపు దాకా పోతుంది. పక్కింటివాళ్లకు మోత ఇబ్బంది, అందుకే ఏడు దాటితే ఆపెయ్యాలి. మోటారు కింద రబ్బరు దిమ్మెలు వేశాక మోత సగం తగ్గింది.

ఐదో వారం: నురగ

ఈ వారం అన్ని ప్రయత్నాలూ పక్కనపెట్టి ఒకే పని. సోమవారం ఒకామె సగం వాడిన బాటిలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏమన్నా, పూరీలు వేస్తే బాండలంతా పొంగిపోతా ఉండాది. ఏం కలిపినారు దీంట్లో?" అదే వారం గూగుల్లో రెండు చుక్కల సమీక్ష ఒకటి, అదే మాట.

కలిపిందేమీ లేదు. గానుగ నూనెలో కొంచెం తడి, జిగురు పదార్థం మిగిలే ఉంటాయి. రిఫైండు నూనెలో వాటిని తీసేస్తారు. వేడెక్కినప్పుడు తడి ఆవిరై పైకొస్తుంది, జిగురు ఆ బుడగల్ని పగలనివ్వదు, అదే నురగ. గింజలు ఆడేటప్పుడు నీళ్లు ఎక్కువ చల్లినా, నూనెను తేరనివ్వకుండా బాటిల్లో నింపినా ఎక్కువవుతుంది. ఇక్కడ రెండూ జరిగాయి. ఒక్క రాత్రి తేర్చి పొద్దున్నే నింపేస్తున్నారు.

మార్చింది ఇది. 20 లీటర్ల స్టీలు డ్రమ్ములు నాలుగు, రోజుకొకటి. మూడు రోజులు కదపకుండా ఉంచి, నాలుగో రోజు పైనున్న తేట నూనెను కుళాయితో దింపి, రెండు మడతల మల్లు గుడ్డలో వడకట్టడం. కుళాయి డ్రమ్ము అడుగున కాకుండా మూడంగుళాల పైన ఉండాలి, లేకపోతే మడ్డి కూడా వస్తుంది. నీళ్లు చేత్తో చల్లడం మాని కొలగ్లాసు పెట్టాం. అట్టముక్క వెనక రెండు వాక్యాలు: "వేయించేటప్పుడు మొదటి వాయికి కొంచెం నురగ వస్తుంది, అది సహజం. బాండలి మూడో వంతుకు మించి పోయకండి."

ఆ మాట ముందే చెబితే కొనరేమోనన్న భయం ఉండింది. పుస్తకం దానికి ఎదురు చెప్పింది, అట్టముక్క వెనక ఆ మాట రాశాక నురగ గురించి వెనక్కి తెచ్చినవాళ్లు లేరు. ముందే తెలిసిన ఇబ్బందిని ఇల్లాలు సర్దుకుంటుంది, తెలియకుండా వచ్చినదాన్ని కల్తీ అనుకుంటుంది. ప్రచారానికి పెట్టే మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలని మా గట్టి అభిప్రాయం. నురగ సరిచెయ్యకుండా కరపత్రాలు పంచి ఉంటే కల్తీ అన్న పేరు వెయ్యి ఇళ్లకు పంచినట్టయ్యేది.

సమీక్షకు జవాబు నాలుగు పంక్తులు. కారణం, మార్చిన పద్ధతి, బాటిలు తెస్తే మారుస్తామన్న మాట. వాదన లేదు.

ఆరు, ఏడు వారాలు: కరపత్రం, చిన్న బాటిలు

రెండింటినీ పక్కపక్కన పరీక్షించాం.

కరపత్రాలు 1,000, ఏ5 సైజు. అచ్చుకు 1,100, పేపర్లలో పెట్టించడానికి 600. ఆదివారం పెట్టించకూడదు. ఆ రోజు పేపర్లో నగల కొట్లు, బట్టల కొట్లు, కాలేజీల కాగితాలు కట్టగా వస్తాయి, మనది విప్పకుండానే పోతుంది. బుధవారం పెట్టించాం. మూడు వైపులకు పంచాల్సిన కాగితాలకు మూడు రంగుల మూల, చించి తెస్తే 20 రూపాయల తగ్గింపు. తెల్లవారుజామున పేపర్లు విడదీసే చోట నిలబడి చూసుకోవాలి, పొద్దున ఐదారు ఇళ్లలో అడిగి తేల్చుకోవాలి. ఒక రంగు కాగితాలు ఒక్కటీ తిరిగి రాలేదు. అడిగితే ఆ వైపు పేపర్లలో అవి పెట్టనే లేదని తెలిసింది.

కొన్నవాళ్లు 7, మళ్లీ వచ్చినవాళ్లు 2. ఇచ్చిన తగ్గింపు కలపకుండానే 1,700ని రెండుతో భాగిస్తే ఇంటికి 850. గీత 150. ఆపేశాం.

రెండోది 50 మిల్లీలీటర్ల నమూనా బాటిలు. నూనె 15, బాటిలు లేబులు 6, మొత్తం 21 రూపాయలు. దీనికీ లేబులు ఉండాలి. 60 బాటిళ్లు, 1,260. ఎవరికిచ్చామన్నది ముఖ్యం. దారిన పోయేవాళ్లకు కాదు, అప్పటికే ఆకుపచ్చ బిళ్ల పడిన ఇళ్లకు తలా రెండు ఇచ్చి, "ఒకటి మీ పక్కింటికి, ఒకటి మీ చెల్లెలింటికి ఇయ్యండక్కా" అన్నాం. 29 మంది ఇంకొకరు చెబితే వచ్చారు కదా, ఆ చెప్పే మాటకు చేతిలో ఒక వస్తువు పెట్టడం అంతే. ఇడ్లీ కారంలో వేసుకోమని చెప్పి ఇవ్వాలి. కాచిన నూనెలో తేడా తెలియదు, పచ్చినూనె కారంలో పడితే మొదటి ముద్దకే తెలుస్తుంది.

19 మంది కొన్నారు, 11 మంది మళ్లీ వచ్చారు. ఇంటికి 115. నిలబెట్టాం. తొమ్మిదో వారం ఇంకో 50 బాటిళ్లు, 1,050.

ఎనిమిదో వారం: ఫోను

గూగుల్ మ్యాపులో పిన్ను పక్క సందులో ఉంది, మొదట అది జరిపాం. బోర్డు, గోడ, గానుగ ఆగకుండా ఒకే వీడియోలో చూపించి, కొట్టు నిజంగా ఇక్కడే ఉందన్న ధ్రువీకరణ పూర్తిచేశాం. పేరు బోర్డు మీదున్నట్టే ఉండాలి, "తిరుపతిలో బెస్ట్ నూనె" లాంటి తోకలు తగిలిస్తే ఖాతా ఆపెయ్యొచ్చు. మధ్యాహ్నం మూసే వేళలు రాయాలి. సమీక్షకు బదులు తగ్గింపు ఇవ్వడం నిషేధం, నోటితో అడగడంలో తప్పు లేదు. ఖర్చు సున్నా కాబట్టి దీనికి గీతతో పనిలేదు.

వాట్సాప్ బిజినెస్ ఉన్నది కొత్తవాళ్ల కోసం కాదు, ఉన్నవాళ్లు జారిపోకుండా. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్టు జాబితాలో 256 మంది దాకా పెట్టొచ్చు. మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. ఇది తెలియక "పంపినా ఎవరూ చూడట్లేదు" అనుకునే కొట్లు చాలా ఉన్నాయి. అందుకని బల్ల దగ్గరే ఇష్టమున్నవాళ్ల చేత నంబరు దాచుకునేలా చేస్తున్నాం. వాట్సాప్‌లో పేర్లకు తగిలించే లేబుళ్లు నాలుగు, ఒకటో వారం నుంచి నాలుగో వారం దాకా, ఇల్లు కొన్న వారాన్ని బట్టి. రెండు లీటర్లు కొన్న ఇంటికి మూడు వారాల తర్వాత ఒక్క సందేశం: "అక్కా, మంగళవారం వాయి శుక్రవారానికి తేరుతుంది. మీకు రెండు లీటర్లు పక్కన పెట్టేదా?" జవాబు "ఊ" అని వస్తే చాలు. పెద్దవాళ్లకు ఇదే మాట ఇరవై సెకన్ల గొంతుతో. శుభోదయం బొమ్మలు, పండగ బొమ్మలు ఒక్కటీ పంపలేదు.

రీల్సుకు డబ్బు కట్టిన ప్రకటన ఒకటి, రోజుకు 200 చొప్పున ఏడు రోజులు, 1,400. వీడియో బాగా తిరిగింది. 23 ఫోన్లు వచ్చాయి, సగానికి పైగా వేరే ఊళ్ల నుంచి కొరియరు అడుగుతూ. లీటరు నూనె పంపే ఖర్చు 45 రూపాయల మిగులును మింగేసి ఇంకా అడుగుతుంది, దారిలో మూత కారితే బాటిలు కూడా పోతుంది. ఊళ్లోవాళ్లలో కొన్నది నలుగురు, మళ్లీ వచ్చింది ఒక్కరు. ఆపేశాం.

పదో వారం: చెక్కకు కూడా కొనేవాళ్లు కావాలి

ఇది మొదట్లోనే రాయవలసింది. చెక్క ధర కిలోకు పది తగ్గితే వాయికి 80 పోతుంది, లీటరు ఖర్చు 13 పెరుగుతుంది. నూనె ప్రచారంలో ఏ పద్ధతీ లీటరుకు 13 మిగిల్చి పెట్టలేదు. కాబట్టి చెక్క కొనే పాడిరైతులు కూడా ఈ కొట్టుకు ఖాతాదారులే. వాళ్లకు బోర్డులు, ఫోను బొమ్మలు అక్కర్లేదు. పాలకేంద్రంలో పొద్దున పాలు పోసే వేళకు ఒక మనిషి పిడికెడు చెక్క పట్టుకుపోయి చూపించడం చాలు.

వాళ్లు చూసేది బూజు. చెనక్కాయ చెక్కకు తడి తగిలితే బూజు పడుతుంది, దాంట్లో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం ఆవు తింటే పాలలోకి కూడా దిగుతుంది. నల్లబడిన, ముడుచుకుపోయిన గింజల్ని ఆడకముందే ఏరెయ్యాలి. చెక్కను చల్లారాకే గోతాల్లో కట్టాలి, నేల మీద కాకుండా కొయ్య పలకల మీద పెట్టాలి, పదిరోజులు దాటనివ్వకూడదు. ఇద్దరు రైతులు ఇప్పుడు వారం వారం తీసుకుపోతున్నారు, ధర 42.

పన్నెండో వారం: ఊరగాయల వేళ

"ఐదు లీటర్లు కొంటే వంద తగ్గింపు" అన్నది ఫిబ్రవరిలోనే పక్కన పెట్టాం. 225 మిగులులో వంద పోతుంది, పైగా చిన్న ఇంట్లో ఐదు లీటర్లు రెండు నెలలు కూర్చుంటే పాతవాసన కొడుతుంది, నింద నూనె మీద పడుతుంది. మామిడికాయల వేళ మాత్రం వేరు, ఊరగాయ పెట్టే ఇంట్లో ఐదు లీటర్లు ఒక్కరోజులో జాడీల్లోకి పోతాయి. తగ్గింపు ఇవ్వలేదు. బదులుగా ఊరగాయ నూనెను ఐదు రోజులు తేర్చి, క్యాను మీద ఆ మాట రాశాం. తడి మిగిలితే ఊరగాయ బూజు పడుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు కాబట్టి ఐదు రోజుల మాట వంద రూపాయలకన్నా గట్టిగా పనిచేసింది. గంగమ్మ జాతరకు చుట్టాలు దిగేలోపు ఊరగాయ పెట్టెయ్యాలని చాలా ఇళ్లలో తొందర, సందేశాలు దానికి రెండు వారాల ముందే పోయాయి.

ఈ శనివారానికి గోడ మీద ఆకుపచ్చ బిళ్లలు 118. రోజుకు రెండు వాయిలు నడుస్తున్నాయి. ఖర్చు: బోర్డు 3,000, కరపత్రం 1,700, నమూనాలు 2,310, రీల్సు 1,400, అట్టముక్కలు 400, మొత్తం 8,810. మిగిలిన 3,190 నమూనా బాటిళ్లకే.

తేలనిది ఒకటి. ఐదు లీటర్ల క్యాన్లలో మూడు బండి మీద పోతుండగా మూత దగ్గర కారాయి. మూత లోపలి రబ్బరు పలచగా ఉంది. వేరే చోటు నుంచి సీలు రేకుతో వచ్చే మూతలు పాతిక తెప్పించాం. సోమవారం వాటిని నింపి, తలకిందులుగా కాగితం మీద రాత్రంతా ఉంచి చూడాలి. కాగితం మీద నూనె మరక పడకపోతేనే మిగతా క్యాన్లు బయటికి పోతాయి.